తాలు షెడ్డు ఊపిరి

ఒక్క కాయ చేతిలో పెడితే చాలు. అది ఏ ఊరి చేలో పండిందో, కోశాక ఎన్ని ఎండలు తిన్నదో, కోల్డ్ స్టోరేజీలో ఎన్ని నెలలు పడుకుందో బసవపున్నమ్మ కళ్ళు మూసుకుని చెప్పేది. గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఏళ్ళుగా ఆవిడ పేరు అది, ఆవిడ పెట్టుబడీ అదే. అలాంటి మనిషి అయిదు నెలలుగా కాయ వాసనన్నది ఎరగకుండా, ఒక ఆసుపత్రి రెండో అంతస్తులో అద్దాల గదిలో కూర్చుని ఉంది. ఇన్నాళ్ళూ సరుకు చూసిన మనిషి. ఇప్పుడు ఆవిడే సరుకు.

పొద్దున పదింటికి నర్సు గ్రేసమ్మ ఆకుపచ్చ గౌనుతో, మాస్కుతో, చేతి తొడుగులతో లోపలికి వచ్చింది. కళ్ళు తప్ప మరేమీ కనపడవు. ఈ అయిదు నెలల్లో పున్నమ్మ దగ్గరగా చూసింది కళ్ళనే తప్ప మనుషుల్ని కాదు.

"ఏమ్మా పున్నమ్మగారూ, మీ పురుగుగారు నిద్ర లేచారా?"

"ఎప్పుడో లేచాడు. కాఫీ ఏదీ అని గోల."

"వేడి పడదుగా ఆయనకి. గోరువెచ్చని నీళ్ళు తాగి బుద్ధిగా కూర్చోమనండి. ఇయ్యాల లాస్యకి ఇవ్వాలి."

గోడలో ఒక పెట్టె బిగించి ఉంది. ఇటు వైపు రబ్బరు మూతి ఉన్న గొట్టం. అటు వైపు, అద్దం అవతల, రెండేళ్ళ లాస్య మంచం. పున్నమ్మ రబ్బరు మూతిని ముఖానికి బిగించుకుని ఊపిరి వదిలింది. పెట్టె మీద చిన్న దీపం వెలిగింది. ఒంటి వేడి తగ్గకుండా, తడి ఆరకుండా ఆ ఊపిరిని పట్టుకుని పెట్టె అవతలి బిడ్డ గొంతులోకి పంపుతుంది. మధ్యలో నలభై అంకెలు లెక్కపెట్టేంత ఆలస్యమైతే పున్నమ్మ గొంతులోని జీవి చచ్చిపోతుంది. డాక్టర్లు దాన్ని గాజు పళ్ళెంలో పెంచబోయారు, రెండో రోజుకే చచ్చింది. ఫ్రిజ్జులో దాచారు, చచ్చింది. పదిమంది కుర్ర డాక్టర్ల గొంతుల్లోకి ఎక్కించి చూశారు, వారం తిరక్కుండా మాయమైంది. పున్నమ్మ గొంతులో తప్ప ఇంకెక్కడా ఉండనని మొండికేసింది.

రెండు గంటల పాటు ఒకటే పని. లోపలికి పీల్చడం, బయటికి వదలడం. అరవై ఒక్క ఏళ్ళుగా ఊరికే వదిలేసిన ఊపిరిని ఇప్పుడు ఒక్కొక్కటిగా లెక్కపెట్టి పంపుతోంది. పన్నెండు వందల దాకా లెక్క వచ్చేసరికి గ్రేసమ్మ చాలని చెయ్యి ఊపింది. లాస్య ఛాతీ అదే గతిన ఎగిరెగిరి పడుతోంది. రేపు సాయంత్రానికి జ్వరం దిగుతుంది, ఎల్లుండికి మిషను తీస్తారు. ఇప్పటికి తొంభై మంది దాకా పిల్లలకి అలాగే జరిగింది.

మెషిన్ల మీద బతికే పిల్లలకి ఆ రోజుల్లో ఆ మెషిన్లే గండంగా ఉండేవి. ఊపిరి అందని బిడ్డకి గొట్టం వేస్తారు. ఏ మందుకీ లొంగని బాక్టీరియా ఒకటి ఆ గొట్టాల్లో కాపురం పెట్టింది. అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఒక జబ్బుతో వచ్చిన బిడ్డ ఇంకో జబ్బుతో పోయేవాడు. ఉన్న మందులన్నీ వాడారు. కొత్తవి తెప్పించారు. దేనికీ లొంగలేదు.

కిందటి వేసవిలో యార్డులో మిర్చి టిక్కీ, అంటే నిండు బస్తా, దొర్లి పున్నమ్మ కాలు విరిగింది. ఎముకల వార్డులో మంచం ఖాళీ లేక ఆవిణ్ణి పిల్లల వార్డు పక్క గదిలో పడుకోబెట్టారు. ఆవిడకి మాత్రలంటే ఎలర్జీ అని కాదు, నమ్మకం లేదు. నర్సు చూస్తుండగా నోట్లో వేసుకుని, అటు తిరగగానే దిండు కింద పెట్టేది. ఆ మూడు వారాల్లో పిల్లల వార్డులో ఒక వింత జరిగింది. గోడవార వరసలో ఉన్న ఆరుగురు పిల్లలూ కోలుకున్నారు. కిటికీవైపు వరసలో వాళ్ళు కోలుకోలేదు. సూక్ష్మజీవుల ల్యాబు చూసే డాక్టర్ రెహానా నాలుగు రోజులు బుర్ర బద్దలుకొట్టుకుని, చివరికి నిచ్చెన ఎక్కి గోడలోని గాలి గొట్టం విప్పి చూసింది. గోడవార మంచాల మీదికి వచ్చే గాలి పున్నమ్మ గదిలోంచి వస్తోంది.

దూది పుల్లతో పున్నమ్మ గొంతు తుడిచి చూస్తే అందులో ఎవరూ ఎరగని బాక్టీరియా కనపడింది. మనిషికి హాని చెయ్యదు. గొట్టాల బాక్టీరియా కనపడితే మాత్రం దాన్ని ఉండనివ్వదు.

"ఇది మీకు ఎక్కడ అంటుకుందో తెలియాలమ్మా," అంది రెహానా అప్పుడు. ముప్పై అయిదేళ్ళు దాటని మనిషి, నిద్రలేక కళ్ళ కింద నల్లబడింది. "మీరు ఒక్కరే ఉంటే ఎంతమందికని ఇస్తారు?"

"యార్డులోనే అయ్యుంటదిలే డాక్టరమ్మా. ముప్పై ఏళ్ళు ఆ ఘాటులోనే గదా బతికింది."

రెహానా బృందం యార్డుకి వెళ్ళి రెండు వందల పన్నెండు మంది గొంతులు తుడిచింది. కమిషన్ దుకాణదారులు, గుమస్తాలు, టిక్కీలు మోసే ముఠా వాళ్ళు, చివరికి టీ కొట్టతనితో సహా. ఒక్కరిలోనూ లేదు.

"మీరు చేసే పనిలో వాళ్ళెవరూ చెయ్యంది ఏమన్నా ఉందా? బాగా ఆలోచించి చెప్పండి."

పున్నమ్మకి ఆలోచించాల్సిన పని లేకపోయింది. అడగ్గానే తట్టింది. అయినా అంది: "ఏముంటదమ్మా? అందరిలాగే నేనూను."

పిల్లల ప్రాణాల దగ్గర కూడా అబద్ధం ఆడగలిగేంత చెడ్డ మనిషి కాదు పున్నమ్మ. కానీ సరుకు ఎక్కడినుంచి తెచ్చావంటే నిజం చెప్పే వ్యాపారి యార్డులో ఎవడూ లేడు. ముప్పై ఏళ్ళుగా నాలుకకి అలవాటైన మాట అది, అడిగిన క్షణంలో దానంతటదే బయటికొచ్చింది.

దాని వెనక ఇంకో సంగతి కూడా ఉంది. పెళ్ళైన కొత్తలో మొగుడు పోయి, పున్నమ్మ యార్డులో తాలు ఏరుకుని బతికింది. రంగు పోయి, తెల్లబడి, బూజు తగిలి ఎవరికీ అక్కర్లేని కాయల్ని తాలు అంటారు. ఆ కుప్పల పక్కన కూర్చుని అందులోంచి కాస్త ఎరుపు మిగిలిన వాటిని వేరుచేసి అమ్మేది. తాలు పున్నమ్మ అని పేరు పడింది. దుకాణం పెట్టి, తేజ రకం మేలు సరుకు తప్ప ముట్టదని పేరు తెచ్చుకుని, ఆ పాత పేరు జనం నోళ్ళలోంచి పోగొట్టుకోవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. తాలు వ్యాపారం మాత్రం మానలేదు. ఊరి బయట బోర్డు లేని రేకుల షెడ్డులో, గుమస్తా చలపతి పేరు మీద, పదకొండు మంది ఆడవాళ్ళతో నడుపుతూనే ఉంది. రోజూ మధ్యాహ్నం ఎవరికీ తెలియకుండా అక్కడికి వెళ్ళి రెండు గంటలు తనూ ఏరేది. చేతులకి ఆ పని లేకపోతే అన్నం సయించేది కాదు.

యార్డులో రెండు వందల పన్నెండు మందిలో లేనిది తన దగ్గరుంది. వాళ్ళ దగ్గర లేనిది, తన దగ్గరున్నది ఒక్కటే, తాలు షెడ్డు. ఆ లెక్క మొదటి వారమే తేలిపోయింది. పున్నమ్మ దాన్ని మడిచి లోపల పెట్టుకుంది.

బయటివాళ్ళ జలుబూ దగ్గూ అంటి ఉన్న ఒక్క జీవీ చచ్చిపోతుందని భయపడి డాక్టర్లు ఆవిణ్ణి అద్దాల గదిలో పెట్టారు. వడగట్టిన గాలి, ఉడికించిన నీళ్ళు, చప్పిడి కూడు. "అచ్చం కోల్డ్ స్టోరేజీయే," అంది పున్నమ్మ నవ్వుతూ. మొదటి నెల ఆ నవ్వు నిజంగానే నవ్వు. పిల్లాజెల్లా లేని మనిషి. దుకాణం మేడ మీద ఒంటి గదిలో ముప్పై ఏళ్ళు గడిపింది. సాయంత్రం యార్డు మూసేశాక ఇంకెవరికీ ఆవిడతో పని ఉండేది కాదు. ఇక్కడ అలా కాదు. ఆవిడ ఊపిరి కోసం తల్లులు అద్దం అవతల చేతులు జోడించి నిలబడేవాళ్ళు. మిషను తీసిన పిల్లలు వెళ్ళేముందు చేతులు ఊపేవాళ్ళు. ఒక పిల్లాడు అద్దానికి మూతి ఆనించి ఆవిరి మీద వేలితో మీసాలు గీసి పోయాడు. గ్రేసమ్మ తుడవబోతే పున్నమ్మ ఇవతలినుంచి గోల చేసి ఆపించింది. అది అవతలి వైపున ఉంది కాబట్టి ఆవిడ ముట్టుకోలేదు. ఆరిపోయేదాకా చూసింది.

ఆ సరుకు ఇంకొకరి దగ్గర దొరికిన రోజున ఈ గది ముందు ఎవరూ నిలబడరు. ఇదీ పున్నమ్మకి తెలుసు.

మూడో నెలనుంచీ తరుగు మొదలైంది. కాయ ఎండేకొద్దీ తూకం తగ్గడాన్ని తరుగంటారు. మొదట్లో రోజుకో బిడ్డకి ఇచ్చేది. తర్వాత రెండు రోజులకొకరు. ఇప్పుడు మూడు రోజులకొకరికి. మధ్యలో ఇస్తే పెట్టె మీద దీపం వెలిగేది కాదు. అంటే ఊపిరిలో జీవులు సరిపడా లేవని. ఎందుకు తగ్గుతోందో రెహానాకి అంతు పట్టలేదు. గాలి ఇంకా వడగట్టించింది. నీళ్ళు ఇంకోసారి ఉడికించమంది.

వారానికోసారి చలపతి వచ్చేవాడు. అద్దం అవతల ఫోను పట్టుకుని యార్డు కబుర్లు చెప్పేవాడు. ఒకసారి అలవాటు కొద్దీ గుప్పెడు కాయలు రుమాల్లో కట్టి తెచ్చాడు.

"అమ్మగారూ, ఇయ్యి చూడండి. సూపర్ టెన్ రకం అంటన్నాడు రైతు, నాకైతే అనుమానంగా ఉంది. తీసుకోమంటారా?"

"ఇరిచి చూపించు."

చలపతి ఒక కాయ విరిచి అద్దానికి ఆనించాడు. పున్నమ్మ ముక్కు అద్దం దాకా తీసుకెళ్ళింది. గాజు వాసన కూడా రాలేదు.

"ఏమంటారు?"

"నువ్వేమనుకుంటే అదే చెయ్యి. షెడ్డులో ఎట్టా ఉంది?"

"ఉన్నారు అందరూ. మీరు రావట్లేదేందని అడుగుతా ఉంటారు. సువార్త వారంనుంచీ రావట్లా. పిల్లోడికి బాగాలేదంట."

సోమవారం లాస్యకి ఊపిరి ఇచ్చిన మర్నాడు, మంగళవారం పొద్దున, అద్దం అవతలికి ఒకామె వచ్చి నిలబడింది. మూతికి బిగుతైన మాస్కు, నెత్తికి ఆసుపత్రి టోపీ. కళ్ళు మాత్రం పున్నమ్మకి తెలిసినవే. తాలు షెడ్డులో ఎదురుగా కూర్చుని ఎనిమిదేళ్ళుగా కాయలు ఏరుతున్న కళ్ళు.

సువార్త ఫోను అందుకుంది.

"అమ్మగారూ, మీరేనా? ఊపిరిచ్చే అమ్మ, ఊపిరిచ్చే అమ్మ అంటే ఎవరోననుకున్నా. మా ఇస్సాకుకి బాగాలేదమ్మగారూ. అయిదేళ్ళోడు. ఊరికే దగ్గని తీసుకొచ్చాం. ఇప్పుడు ఈ మెషినులోది పట్టిందంట."

"ఎన్నో మంచం?"

"నాలుగు. మీరు చెప్తే డాక్టరమ్మ వింటది. మీ ఊపిరి వాడికి ఇయ్యండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

రెహానా వచ్చాక పున్నమ్మ అడిగింది. "నాలుగో మంచం పిల్లోడికి ఇయ్యాలే ఇస్తా."

"దీపం వెలగదమ్మా. నిన్ననేగా ఇచ్చారు. మీలో మళ్ళీ కూడేదాకా ఆగాలి. గురువారం ఇద్దాం."

"అప్పటిదాకా ఆగగలడా?"

రెహానా కాగితాలు తిరగేసింది. "ఆగగలడనే అనుకుంటున్నా."

పున్నమ్మ లెక్క వేసుకుంది. ఇప్పుడు షెడ్డు సంగతి చెబితే సువార్త గొంతు తుడవాలి. ఫలితం రావడానికి ఒక రోజు. రేపు మధ్యాహ్నానికి తేలుతుంది. ఆ పైన పెట్టె సర్దాలి. అక్కడికీ ఇక్కడికీ తేడా ఒక్క రోజు. ఒక్క రోజు కోసం ముప్పై ఏళ్ళ గుట్టు విప్పడం ఎందుకు? గురువారం ఎంతో దూరం లేదు. తన చేత్తోనే ఆ పిల్లాడికి ఇస్తే సువార్త జన్మంతా తల్చుకుంటుంది. లెక్క ఎటునుంచి కూడినా సరిపోయింది. ఇన్నేళ్ళలో ఆవిడ వేసిన లెక్క తప్పింది తక్కువ.

ఆ రోజంతా సువార్త అక్కడే ఉంది. నాలుగో మంచం దగ్గరికి రానివ్వక, వరండా అద్దంలోంచి కొడుకుని చూస్తూ. ఎక్కువసేపు నిలబడేసరికి మాస్కు జారింది. రెహానా అటుగా పోతూ ఆగి కేకలు వేయడం పున్నమ్మకి వినపడలేదు గానీ కనపడింది. సువార్త గాభరాగా మాస్కు పైకి లాక్కుని, ముక్కు మీద గట్టిగా నొక్కుకుంది.

పున్నమ్మ అటు చూడటం మాని మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

బుధవారం పన్నెండు దాటాక నాలుగో మంచం చుట్టూ ఆకుపచ్చ గౌన్లు మూగాయి. పున్నమ్మ లేచి అద్దం దగ్గరికి వెళ్ళి రెండు చేతులతో బాదింది. గాజు మందం. ఎవరూ తల తిప్పలేదు. రబ్బరు మూతి తీసి ముఖానికి పెట్టుకుని పిచ్చిగా ఊదింది. దీపం వెలగలేదు. మళ్ళీ ఊదింది. పెట్టె అవతలి గొట్టం ఎవరికీ తగిలించి లేదన్న సంగతి కూడా ఆవిడకి తట్టలేదు. కాసేపటికి గౌన్లు ఒక్కొక్కటిగా పక్కకి తప్పుకున్నాయి.

సాయంత్రం గ్రేసమ్మ అన్నం పళ్ళెం తెచ్చింది. రోజూ వేసే ఛలోక్తి వెయ్యలేదు. పళ్ళెం పెట్టి వెళ్ళబోతుంటే పున్నమ్మ అంది: "డాక్టరమ్మని పిలువు. ఒక మాట చెప్పాలి."

రెహానా వచ్చి కుర్చీలో కూర్చుంది. పున్నమ్మ చెప్పింది. తాలు అంటే ఏమిటో చెప్పింది. షెడ్డు ఎక్కడుందో చెప్పింది. ఎవరెవరు పని చేస్తారో పదకొండు పేర్లూ చెప్పింది. సువార్త పేరు చివర చెప్పింది.

"ఆ బూజు తగిలిన కాయల దుమ్ములోనే ఉంటదనుకుంటా నీ పురుగు. దానికి తిండి అదే. ఇక్కడ మంచి గాలీ, మంచి నీళ్ళూ ఇచ్చి మాడ్చి చంపతన్నారు."

రెహానా పదకొండు పేర్లూ కాగితం మీద రాసుకుంది. తర్వాత మెల్లిగా అడిగింది. "మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటి వారంనుంచి."

"అయితే ఆ బాబు గొంతులో కూడా..."

"వాడు తల్లి ఒళ్ళో పెరిగాడు గదా."

"ఇక్కడ చేరిన రోజున ఇచ్చిన మందులకి అది పోయి ఉంటుంది," అంది రెహానా తనలో తను లెక్క చూసుకుంటున్నట్టు. "నిన్న ఆ తల్లి మాస్కు జారిందని నేనే అరిచానమ్మా. బిడ్డకి ఏమన్నా అంటుతుందని అరిచాను."

లేచి వెళ్ళిపోయింది. తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరుగుతుందేమోనని పున్నమ్మ చూసింది. తిరగలేదు.

రెండు రోజుల్లో షెడ్డు ఆడవాళ్ళ గొంతులన్నీ తుడిచారు. పదకొండు మందిలో తొమ్మిది మంది దగ్గర ఉంది, సువార్త దగ్గర కూడా. ఒక్కొక్కరి ఊపిరికి పెట్టె మీద దీపం కళ్ళు జిగేలుమనేలా వెలిగింది. పున్నమ్మ ఊపిరికి మొదటి నెలలో కూడా అలా వెలిగింది లేదు. అద్దాల గదిలో ఎవరినీ బంధించాల్సిన పని లేదని తేలింది. పొద్దున షెడ్డునుంచి రావడం, రెండు గంటలు కూర్చోవడం, మళ్ళీ షెడ్డుకి పోవడం, అంతే. అయిదు నెలల గాజు కాపురం ఎవరికీ అక్కర్లేని కాపురమే అయింది.

యార్డులో ముఠా వాళ్ళు పని పంచుకున్నట్టే ఆడవాళ్ళు వంతులు వేసుకున్నారు. గ్రేసమ్మ గోడ మీద కాగితం అంటించి తొమ్మిది పేర్లు రాసింది. పదో పేరుగా పున్నమ్మది రాయబోతే రెహానా ఆపింది. ఆ ఉదయమే పున్నమ్మ గొంతు తుడిచి చూశారు. ఏమీ లేదు. తరుగు పోను మిగిలింది కూడా పోయింది.

"ఇక ఇంటికి వెళ్ళచ్చమ్మా," అంది రెహానా. మర్యాదగానే అంది.

పున్నమ్మ చలపతి కారు కోసం కిందికి దిగింది. మెట్ల దగ్గర ఒక తల్లి ఆవిణ్ణి దాటుకుని పైకి పరిగెత్తింది. గాజు బయట ఆవిణ్ణి గుర్తుపట్టే వాళ్ళెవరూ లేరు.

ఇంటికొచ్చిన పదకొండో రోజున, సువార్త పనిలోకి వచ్చిందని చలపతి చెప్పాక, పున్నమ్మ షెడ్డుకి వెళ్ళింది. మధ్యాహ్నం ఎండ రేకుల మీద కాగుతోంది. ఆడవాళ్ళు ముక్కులకి గుడ్డలు కట్టుకుని తెల్లటి కుప్పల చుట్టూ కూర్చుని ఉన్నారు. ఆవిణ్ణి చూసి మాటలు ఆపేశారు. ఒక ముసలామె మాత్రం, "రా తాలు పున్నమ్మా, ఇన్నాళ్ళకి దారి తెలిసిందా," అంది. ఆ పేరు విని పదేళ్ళు అయింది. పున్నమ్మకి కోపం రాలేదు.

సువార్త కుప్ప చివర్న ఒక్కతే కూర్చుంది. పున్నమ్మ వెళ్ళి ఎదురుగా కూలబడింది. కాసేపు ఇద్దరూ కాయలు ఏరారు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

"డాక్టరమ్మ అంతా చెప్పింది," అంది సువార్త తల ఎత్తకుండా. "ఒక్కటి చెప్పలా. అడిగితే ఏడ్చింది. మిమ్మల్ని అడుగుతా."

"అడుగు."

"ఆ మంగళారం నేను మాస్కు తీసేసి, లోపలికి పోయి, వాడి దగ్గర కూర్చోనుంటే... పెట్టె గిట్టె పెట్టి నా ఊపిరే వాడికిచ్చుంటే, బతికేవోడా అమ్మగారూ?"

అడిగిన క్షణంలో నాలుకకి అలవాటైన మాట సిద్ధంగా ఉంది. ఏమో, దేవుడికే తెలియాలి, ఎవరు చెప్పగలరు. ఇరవై రకాలుగా ఆ మాట చెప్పడం పున్నమ్మకి తెలుసు. చెబితే సువార్తకి ఈ రాత్రి నిద్ర పడుతుందేమో. తనకీ పడుతుందేమో.

"బతికేవాడు," అంది.

సువార్త చెయ్యి ఆగింది. మెల్లిగా ముక్కు మీది గుడ్డ కిందికి లాగింది. అరచెయ్యి నోటి దగ్గర పెట్టుకుని, నిండా పీల్చి, దాని మీదికి ఊపిరి వదిలింది. ఏదో కనపడుతుందన్నట్టు ఆ అరచేతి వంక చూసింది. తర్వాత గుప్పిట మూసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ గుప్పిట చాలాసేపు తెరవలేదు.

బయట లారీ ఏదో హారను కొట్టుకుంటూ పోయింది.

"రేపు నా వంతు," అంది సువార్త చివరికి, గుడ్డ మళ్ళీ కట్టుకుంటూ. "ఏడాదిన్నర పాపంట. నర్సమ్మ ఫోను చేసింది. ఆ గదిలో మీ దుప్పటీ చెంబూ ఉండిపోయినయ్యంట. తీసుకుపొండి. నేనుండే చోట అయ్యి ఉండకూడదు."

"తీసుకుపోతా."

"పొద్దున నేను రాకముందే."

"అట్టాగే."

మర్నాడు తొమ్మిదింటికే పున్నమ్మ ఆసుపత్రికి వెళ్ళింది. గ్రేసమ్మ దుప్పటి మడిచి, దాని మీద చెంబు పెట్టి ఇచ్చింది. పున్నమ్మ మెట్లు దిగుతుంటే సువార్త ఎక్కుతూ ఎదురొచ్చింది. గోడవైపు తప్పుకుని దారి ఇచ్చింది పున్నమ్మ. సువార్త చీర కొంగులోంచి తాలు దుమ్ము ఘాటుగా తగిలింది. అయిదు నెలలు గాజు అవతలికి ముక్కు చాపి వెతుక్కున్న వాసన అదే. సువార్త ఆగలేదు.

కింద చలపతి కారు తలుపు తీశాడు. "దుకాణానికేనా అమ్మగారూ? తేజ నలభై టిక్కీలు వచ్చినయ్యి. మీరు చూస్తే గానీ..."

"నువ్వు చూడు. నన్ను షెడ్డు దగ్గర దించు."

షెడ్డులో సువార్త చోటు ఖాళీగా ఉంది. నిన్న ఏరగా మిగిలిన కుప్ప అలాగే ఉంది, దాని పక్కన తొడిమల చాట. మిగతా ఆడవాళ్ళు చూస్తూ ఉన్నారు. పున్నమ్మ దుప్పటి పరిచి కూర్చుంది, చెంబు పక్కన పెట్టుకుంది, కొంగు నడుముకి దోపుకుంది. ముసలామె ఒక గుడ్డముక్క విసిరింది, ముక్కుకి కట్టుకోమని.

పున్నమ్మ ఆ గుడ్డ మడిచి చెంబు మీద పెట్టింది. కుప్ప మీదికి వంగి, రెండు చేతులతో కాయలు ఎగజిమ్మింది. తెల్లటి దుమ్ము ముఖానికి లేచింది. దగ్గు వచ్చింది. ఆపుకోకుండా దగ్గి, నిండా పీల్చుకుని, ఏరడం మొదలుపెట్టింది.